ఆయన గెలిచిన పందెం

శనివారం ఏలూరులో ఒక సినిమా సగం చూసి వచ్చేశాను. ఈ రోజు పొద్దున్నే కొల్లేటికి వెళ్ళి గూడకొంగల్ని చూశాను. మధ్యాహ్నం తాడేపల్లిగూడెంలో, పోయిన నెల చనిపోయిన మిత్రుడి భార్యను పలకరించాను. ఆయనకు నేనిచ్చిన డిటెక్టివ్ నవల ఆవిడ తిరిగి ఇచ్చారు.

"రోజూ నాకు చదివి వినిపించేవారండీ. చివర కొంచెం మిగిలిపోయింది. డాక్టరే హంతకుడని నాతో పందెం కాశారు. నిజమేనాండీ?"

"మీరే చదివేయొచ్చు కదండీ?"

"ఆయన గొంతు లేకుండా చదవలేకపోతున్నానండీ."

నిజానికి ఆ నవలలో హంతకుడు ప్లీడరు.

"డాక్టరేనండీ" అన్నాను.

"చూశారా, నేనే నమ్మలేదు!" అంటూ నవ్వబోయి, ఆవిడ భోరున ఏడ్చేశారు.

ఆ నవల ఇక ఎవరికీ ఇవ్వను. మీరైతే ఏం చెప్పేవారండీ?