కంకిపాడుకు సామాను కోసం

రాజీ అంటే ఏమిటో నాకు విజయవాడ గవర్నర్‌పేటలో మా లాయరు గారి ఆఫీసులో అర్థమైంది. నా మొగుడు పరస్పర అంగీకారంతో విడాకులకు సంతకం పెడతాడు. కంకిపాడులో అత్తారింట్లో ఉన్న నా పెళ్లి సామాను తిరిగిస్తాడు. బదులుగా, కొట్టాడని నేను పెట్టిన కేసు వెనక్కి తీసుకోవాలి. నా దవడ విరగ్గొట్టినవాడు ఏ పాపమూ ఎరగనట్టు కోర్టు మెట్లు దిగి వెళ్లిపోతాడన్నమాట. ఒళ్లు మండిపోయింది. అయినా వాయిదాలకు తిరిగీ తిరిగీ విసిగిపోయి, పీడ వదిలితే చాలని సరేనన్నాను.

“అక్కడ మీవాళ్లెవరూ చెయ్యెత్తకూడదమ్మా,” అన్నారు లాయరు గారు. “మీ అన్నయ్య ఒక్క దెబ్బ వేశారో, ఎదురు కేసు పెడతారు. సంతకం పెట్టరు.”

సామాను అప్పగింతకు పెద్దమనిషిగా మా పెదనాన్న వచ్చారు. ఆ సంబంధం తెచ్చింది ఆయనే, రాజీ కుదిర్చిందీ ఆయనే. ట్రాలీ ఆటోలో ముందు ఆయన, వెనక నేనూ అన్నయ్యా. దారి పొడుగునా అన్నయ్య పళ్లు కొరుకుతూనే ఉన్నాడు.

మేం వెళ్లేసరికి నా సామానంతా వాకిట్లో పడేసి ఉంది. నా మొగుడు గునపం పట్టుకుని నిలబడ్డాడు. మమ్మల్ని చూసి నవ్వాడు.

“తిరిగివ్వమన్నారు. ముక్కలు కాకుండా ఇమ్మని ఎవడన్నా చెప్పాడా?” అని బీరువా అద్దం మీద ఒక్కటి వేశాడు. అద్దం భళ్లున రాలింది. తర్వాత ఫ్రిజ్. తర్వాత మిక్సీ, కుక్కరు, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె. ప్రతి దెబ్బకూ నా మొహంలోకి చూస్తున్నాడు, ఏడుస్తానేమోనని. మా అత్త గడపలోంచి “ఒరేయ్, వీధంతా చూస్తున్నార్రా! అదేదో లోపల పెట్టి పగలగొట్టుకోరా!” అని అరిచింది.

అన్నయ్య ముందుకురికాడు. నేను వాడి చేతిని రెండు చేతులతో పట్టుకుని వేలాడాను. “నీకు దండం పెడతా, కదలకు,” అన్నాను. నిజం చెప్పాలంటే, ఆ గునపం లాక్కుని నా మొగుడి మోకాళ్లు నేనే విరగ్గొట్టాలనుంది. సంతకం పడాలి, అంతే, అనుకుని పళ్లబిగువున ఆపుకున్నాను.

మంచం కోళ్లు విరుస్తుంటే పెదనాన్న ఆగలేకపోయారు. “ఏం మనిషివయ్యా! పెద్దవాణ్ణి నేనుండగానే...” అంటూ అడ్డం వెళ్లారు. నా మొగుడు గునపం పడేసి, ఆయన చెంప ఛెళ్లుమనిపించి, రొమ్ము మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాడు. పెదనాన్న గాజుపెంకుల మీద పడ్డారు. మోచెయ్యి చీరుకుపోయి పంచెంతా నెత్తురైంది.

“నన్నే కొడతాడా! పోలీసుల్ని పిలవండ్రా! రాజీ లేదు గీజీ లేదు, ఈ వెధవని లోపలేయించాల్సిందే!” అని అరిచారు పెదనాన్న.

నేను వంగి ఆయన్ని లేపుతూ అన్నాను. “సర్దుకుపోండి పెదనాన్నా. మగాడన్నాక కోపంలో చెయ్యి జారుతుంది.”

నా దవడకు తీగలు బిగించి, నేను జావ తాగుతున్న రోజుల్లో బత్తాయిలు పట్టుకొచ్చి ఆయన నాతో అన్న మాట అదే. కక్షకొద్దీ అన్నాను. అన్నాక హాయిగా కూడా ఉంది.

సామాను లేకుండానే ఆటో వెనక్కి వచ్చింది. పోరంకి దాటాక పెదనాన్న, “కేసు వెనక్కి తియ్యకమ్మా,” అన్నారు. తియ్యనన్నాను. అలాగైతే విడాకులు ఇప్పట్లో రావని ఇద్దరికీ తెలుసు.

కేసు విచారణకు రావడానికి ఏళ్లు పట్టింది. పెదనాన్న నా తరఫున సాక్షిగా బోనెక్కారు. “ఆ అమ్మాయిని కొడుతుండగా మీరు కళ్లారా చూశారా?” అని అవతలి లాయరు గద్దించాడు.

“కొడుతుంటే చూడలేదండీ,” అన్నారు పెదనాన్న, నావైపు చూడకుండా. “విరిగిన దవడ చూశాను. కట్టు విప్పించి, నేనే కారెక్కించుకుని తీసుకెళ్లి మళ్లీ ఆ ఇంట్లోనే దింపొచ్చాను.”

జడ్జి గారు ఆ మాటను ఉన్నదున్నట్టు టైపు చేయించారు. అన్ని వాయిదాల్లోనూ ఏడవని నేను అప్పుడు బావురుమన్నాను.