మంగళ, శుక్రవారాల బ్రేకు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి నాకంటే ముందు ఊరందరికీ తెలుసు. ఎనభైల మొదట్లో దేవరుప్పుల నుంచి జనగామకు అంబాసిడర్ టాక్సీ నడిపేవాణ్ణి. బండి నాది కాదు, ఒక పటేలుది. "ఐతారం లోపట బ్రేకు బాగు చేపియ్యకుంటే తాళాలు ఇచ్చి పో" అని ఆయన నన్ను వాకిట్లో నిలబెట్టి చెప్పాడు. నాకు ఇంకో పని చేతకాదు. ఆ వారమంతా అన్నం సయించలేదు.

రోగం ఇదీ. సగం దారి పోయాక బండి బరువెక్కేది. ఎంత తొక్కినా వెనక నుంచి ఎవరో గుంజుతున్నట్టు ఉండేది. జనగామలో దిగి చూస్తే వెనక చక్రాలు రెండూ చెయ్యి పెట్టలేనంత వేడి, కాలిన వాసన. ముందువి మాత్రం చల్లగా ఉండేవి.

తీరా షెడ్డుకు తీసుకుపోతే, మేస్త్రి జాకీ పెట్టి లేపినప్పుడు చక్రం హాయిగా తిరిగేది. డ్రమ్ములు విప్పాడు. స్ప్రింగులు మార్చాడు. వెనక్కి పోయే రబ్బరు పైపు లోపల వాచి బ్రేకు ఆయిలును తిరిగి రానివ్వడం లేదేమోనని అదీ మార్చాడు. హ్యాండ్‌బ్రేకు కేబులుకు గ్రీజు పెట్టాడు. రెండు రోజులు బాగుండేది, మళ్ళీ పట్టేసేది. మూడోసారి అతని షెడ్డులో, వచ్చిపోయేవాళ్ళందరి ముందూ అరిచాను.

"పని రాకపోతే రాదని చెప్పు. నా బతుకుతోని ఆడుకోకు."

అతను నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ, "ఏ దినాలల్ల పడుతున్నది తమ్మీ?" అన్నాడు.

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే మంగళవారం, శుక్రవారం.

"బండికి వారాలు తెల్వయి. ఆ దినాలల్ల ఎవరు ఎక్కుతున్నరో గది చూడాలె. శుక్రారం నేనొస్త."

అప్పటి టాక్సీల్లో ముందు సీట్లో డ్రైవరుతో కలిపి నలుగురు. అందులో ఒకరు డ్రైవరుకు కుడి పక్కన, తలుపుకు ఆనుకుని కూర్చునేవారు. మేము ఎడమకు ఒరిగి స్టీరింగు తిప్పేవాళ్ళం. మంగళ, శుక్రవారాల్లో ఆ ఇరుకు చోటు మా బాపుది. కాలి పుండుకు కట్టు మార్పించుకోవడానికి దవాఖానకు వచ్చేవాడు. కొడుకు బండే కదా అని, మంచి సీటు గిరాకీకి వదిలేసేవాడు.

శుక్రవారం మేస్త్రి నా వెనక సీట్లో కూర్చున్నాడు. ఒక మలుపు దాటగానే బండి బరువెక్కింది. మేస్త్రి నా భుజం తట్టి, "జర కుడి దిక్కు కిందికి చూడు" అన్నాడు.

సీటుకూ తలుపుకూ మధ్య ఉండే హ్యాండ్‌బ్రేకు బాపు కండువా కింద, బాపు పిడికిట్లో ఉంది. రెండు మెట్లు పైకి లేచి ఉంది. జనగామలో ఆగగానే నేను అలవాటుగా దాన్ని పూర్తిగా లాగేవాణ్ణి, బయలుదేరేటప్పుడు పూర్తిగా దించేవాణ్ణి. దొంగతనం జాడను ప్రతిసారీ నా చేత్తోనే తుడిచేశాను.

"బాపూ! ఏం చేస్తున్నవ్?"

"మస్తు ఉరికిస్తున్నవ్ బిడ్డా. చెప్తె ఇనవు. గిది జర గుంజితె నిమ్మలమైతున్నది" అన్నాడు. ఆ మొహంలో తప్పు చేసిన జాడ లేదు. నన్ను కాపాడుతున్నానన్న ధీమా ఉంది.

"నీ వల్ల నా పని పోతుండె! తెల్వకుంటే ముట్టొద్దు. ముసలోనివి, ఇంట్ల పడి ఉండు!"

బండంతా నవ్వింది. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టడంటరు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మేస్త్రి ఒక్కడే నవ్వలేదు. బాపు చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, జనగామ దాకా అట్లాగే కూర్చున్నాడు.

ఆదివారం పటేలు బండి నడిపి చూసుకుని తాళాలు నా చేతికే ఇచ్చాడు. మేస్త్రి దగ్గరికి పోయి తప్పయిందన్నాను. "నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ" అన్నాడు. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలిసి కూడా ఇంట్లో నోరు రాలేదు. అరవడానికైతే ఎప్పుడూ ముందుంటుంది.

మంగళవారం బయలుదేరేటప్పుడు కుడి పక్కన ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఊరి చివర బాపు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. బండి ఆపి తలుపు తెరిచాను.

"నువ్వు పో. నీకు ఆలస్యమైతది" అన్నాడు, బస్సు వచ్చే దిక్కు చూస్తూ.

ఆ దారంతా బండి నిమ్మలంగానే నడిపాను. వెనక చక్రాలు చల్లగా ఉన్నాయి.