పసుపు గుడ్డ కట్టిన గాలిమర

ఎనభైల్లో మా హేతువాద సంఘం ఖమ్మంలో ఒక పోటీ పెట్టింది. దానికి నిధివేట అని పేరు పెట్టింది నేనే. గుప్తనిధుల కోసం పాడుబడ్డ గుళ్లు తవ్వేవాళ్లను వెక్కిరించాలని నా సరదా. మనకు తెలియని నిధి నేల కింద లేదు, నెత్తి మీద వీచే గాలిలో ఉంది అని కరపత్రంలో రాశాను. కారేపల్లి నుంచి దుమ్ముగూడెం అవతలి అడవి దాకా సర్కారు అంతకు కొన్నేళ్ల ముందు నీళ్లు తోడే గాలిమరలు అక్కడొకటి ఇక్కడొకటి నిలబెట్టింది. కొన్ని తిరిగేవి, కొన్ని తుప్పుపట్టి ఊరికే నిలబడేవి. వాటన్నిటినీ స్కూటర్ల మీద చుట్టి రావాలి. జంటకో స్కూటరు. ముందురోజే మావాడొకడు వెళ్లి ప్రతి గాలిమర కాలికీ ఒక రేకు డబ్బా కట్టి వచ్చాడు. డబ్బాలో ఒక ప్రశ్న, తర్వాతి మరకు దారి గుర్తులు. మేం వస్తున్నామని ఆ ఊళ్లవాళ్లకు చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. వాళ్లను చైతన్యవంతులను చేయడానికే పోతున్నామని మాత్రం అందరం అనుకున్నాం.

నా జంట కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడు, సత్తుపల్లి వైపు మనిషి. స్కూటరు అతనిది. వెనక కూర్చున్న నేను దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాను. వానలు ఇంకా పట్టుకోలేదు కానీ గాలి బాగా వీస్తోంది. భద్రాచలం వంతెన దాటేసరికి మేమే ముందున్నాం. దుమ్ముగూడెం దాటాక ఎర్రమట్టి బాట, తునికి చెట్లు, ఆ తర్వాత కోయగూడెం. ఊరి చివర బావి, బావిని ఆనుకుని ఉక్కు కాళ్ల మీద గాలిమర.

డబ్బా విప్పితే ప్రశ్న ఇలా ఉంది: ఈ మర నిమిషానికి ఎన్నిసార్లు పంపు కడ్డీని పైకి లేపుతుంది?

మర ఆగి ఉంది. అంత గాలిలోనూ చక్రం కదలడం లేదు. అలాంటి మరకు కింద ఒక ఇనుప పిడి ఉంటుంది. దాన్ని లాగి కొక్కేనికి తగిలిస్తే చక్రం గాలికి పక్కకు మళ్లి ఆగిపోతుంది. ఆ పిడిని కొక్కేనికి కలిపి పసుపులో ముంచిన గుడ్డతో కట్టేసి, ముడిలో వేపరెమ్మ దోపారు.

అది చూడగానే నాకు నిజంగానే నిధి దొరికినట్టయింది.

"చూశావా? గాలిమరకు కూడా అమ్మవారు పూనింది. సైన్సును తెచ్చి వాకిట్లో నిలబెడితే పసుపు పూసి కూర్చోబెట్టారు!" అన్నాను.

"ఉపన్యాసం తర్వాత ఇద్దువుగానిలే. వెనకాల రెండు స్కూటర్లు వస్తున్నాయి. ముందు ఇది తిరిగే మార్గం చూడు," అన్నాడు మిత్రుడు, గడియారం విప్పి చేత్తో పట్టుకుంటూ.

నేను ముడి విప్పుతుంటే బావి అవతలి గట్టు నుంచి ఒక ముసలమ్మ కేకలేస్తూ పరుగెత్తి వచ్చింది. కోయభాషలో ఏదో అరుస్తోంది. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. ఇరవై ఏళ్లుగా ఆ అడవి అంచున మూఢనమ్మకాల మీద మాట్లాడుతున్నవాణ్ని, నేర్చుకోవాలని కూడా ఎన్నడూ అనుకోలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని లాగింది. "వద్దు, వద్దు" అన్న తెలుగు మాట మాత్రం తెలిసింది.

"అమ్మా, ఏ దేవతకూ కోపం రాదు. వస్తే ఆ పాపం నాది," అని నవ్వుతూ ఆమె చెయ్యి విడిపించుకున్నాను. గుడ్డ కింద పడేశాను. పిడి వదిలాను.

చక్రం గాలికి తిరిగింది. కడ్డీ ఒక్కసారి లేచి దిగింది. బావిలోంచి కేక వచ్చింది.

మిత్రుడు పిడి లాగి మరను ఆపేసరికి నేను బావి గోడ మీదికి వంగి చూశాను. సగం లోతులో అడ్డంగా వేసిన పలక మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పంపులో తోలు వాషరు అరిగితే మారుస్తున్నాడు. కుడిచేతిని ఎడమచేత్తో గుండెలకు అదుముకుని ఉన్నాడు. ముసలమ్మ అతని తల్లి. అంతసేపూ ఆమె చెప్పింది దేవత గురించి కాదు, కొడుకు గురించి.

ఊళ్లో బడి పంతులు వచ్చాడు, తాళ్లు వేశారు, అతన్ని పైకి తీశారు. నా కండువాతో చెయ్యి చుట్టాను. మిత్రుడు స్కూటరు నడుపుతుంటే అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక నుంచి పట్టుకుని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాను. దారి పొడుగునా అతను మూలుగుతూనే ఉన్నాడు.

చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. డాక్టరు కట్టు కట్టాక వరండా బల్ల మీద అతని పక్కన కూర్చున్నాను. క్షమాపణ అడగడానికి నోరు తెరిచి, "ఆ పసుపు గుడ్డ ఎందుకు కట్టారు?" అని అడిగాను. ఆ స్థితిలోనూ నాకు నా వాదనే ముఖ్యమైంది.

"మొదట్ల ఎర్రగుడ్డ కట్టినం సారూ," అన్నాడతను. "పోరగాండ్లు ఇప్పుకపోయి జెండా ఆట ఆడిండ్రు. నేను లోపలున్న, పైన మర తిరిగింది. ఆ దినం జరంతల తప్పింది. గప్పుడు నేనే ఆలోచన జేసిన. పసుపు గుడ్డ, యాపమండ ఉంటే ఎవ్వడు ముట్టడు గదా. నాలుగేండ్లయింది, ఒక్కడన్న ముట్టలే."

"మరి నీకు నమ్మకం లేదా, దేవత మీద?"

"ఉంది సారూ. అయితే దేవతకు గాలిమరతోని ఏం పని?"

అతను వెక్కిరించడం లేదు. నాకు తెలియక అడుగుతున్నాననుకుని విప్పి చెబుతున్నాడు. ఎదుటివాడు ఏం నమ్ముతాడో, దేనికి ఆగుతాడో చూసి, ప్రయత్నించి, తప్పితే మార్చి, నిలిచినదాన్ని ఉంచుకున్నాడు. వేదికల మీద శాస్త్రీయ పద్ధతి అంటూ నేను గొంతు చించుకుని చెప్పేది అదే. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. తట్టినా నెల తిరగకుండా మా పత్రికలో ఒక వ్యాసం రాశాను. పసుపు గుడ్డ కట్టిన గాలిమరను వర్ణించాను. అజ్ఞానానికి అంతకంటే పోలిక దొరకదన్నాను. బావిలో మనిషి ఉన్న సంగతి రాయలేదు. మంచి వ్యాసమని చాలా ఉత్తరాలు వచ్చాయి. మిత్రుడు మాత్రం చదివి, "ఇది నువ్వే రాశావా?" అని అడిగి, తర్వాత కొన్నాళ్లు మా ఇంటికి రావడం మానేశాడు.

దసరా సెలవుల్లో ఒక్కణ్నే బస్సెక్కి ఆ గూడెం పోయాను. అతను ఇంటి ముందు కూర్చుని మూడు వేళ్లతో కొడవలి పిడికి తాడు చుడుతున్నాడు. నన్ను చూసి లేచి మంచం వాల్చాడు. వాళ్లమ్మ లోపలికి వెళ్లిపోయింది, మళ్లీ బయటికి రాలేదు.

"మర నడుస్తోందా?" అన్నాను.

"లేదు సారూ. వాషరు నేనొక్కన్నే ఏసెటోన్ని. గీ చేత్తోని బోల్టు పట్టదు. మా బామ్మర్దికి నేర్పుతున్న. ఆడోళ్లు వాగుకు పోతున్నరు నీళ్లకు."

మళ్లీ కూర్చుని తాడు చుడుతూ అన్నాడు: "మా గురించి కాగితంల రాసిండ్రంట గదా. పంతులు సారు చదివి ఇనిపిచ్చిండు."

నేను తల దించుకున్నాను. ఇంక దాచడానికి ఏమీ లేదు. తప్పు నాదేనని, వ్యాసంలో అబద్ధం చెప్పానని, ఏం చేయమంటే అది చేస్తానని అన్నాను.

"చేతి ఏళ్లు పోయినయని రాయకుంటేమాయె. అవి రాస్తే వస్తయా?" అన్నాడు. "మేం తెలివి లేక కట్టినమని రాసిండ్రు గదా, అదొక్కటి సక్కగ రాయుండ్రి. మా ఊరోళ్లంత ఇన్నరు అది. మా పిల్లలు గుడ ఇన్నరు."

తప్పకుండా రాస్తానన్నాను. వచ్చే సంచికలోనే అన్నాను. నేను వచ్చానని తెలిసి అప్పటికే అక్కడికి వచ్చిన పంతులు కూడా విన్నాడు.

ఖమ్మం వచ్చి కాగితం ముందు కూర్చున్నాను. మొదటి వాక్యం రాశాను. ఆ వాక్యం అచ్చయితే మా ప్రత్యర్థులు సభల్లో చదివి చప్పట్లు కొట్టించుకుంటారనిపించింది. ఉద్యమానికి నష్టమని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నష్టం నా పేరుకు. ఆ సంచికకు జాతకాల మీద వ్యాసం ఇచ్చాను. తర్వాతి దానికి మరేదో.

చాలాకాలానికి ఆ పంతులు బదిలీ మీద ఖమ్మం వచ్చి, ఒక సభలో నన్ను గుర్తుపట్టి పలకరించాడు. నా వ్యాసం వచ్చిన ప్రతి నెలా ఆ వేళ్లు పోయిన మనిషి పత్రిక పట్టుకుని బడికి వచ్చేవాడట. మొదటి నుంచి చివరి దాకా చదివించుకుని వినేవాడట. ఏడాది పాటు అలా వచ్చి, తర్వాత రావడం మానేశాడట.