జేబులు చూపించండి

ఇవాళ పొద్దున వాన పట్టుకున్న కాసేపటికి రిలే గదిలో టక్కుమని చప్పుడైంది. పట్టాల్లో పారే చిన్న కరెంటు ఆగిపోతే రిలే పడిపోయే చప్పుడది. అది పడితే బయట సిగ్నల్ ఎర్రబడుతుంది. ఆ చప్పుడు వింటే నాకు వరలక్ష్మి మేడమ్ గుర్తొస్తారు, వెంటనే ఒళ్ళు మండుతుంది. ఆవిడ మీద కాదు, ఆవిడను పంపేసినవాళ్ళ మీద.

నేను పాలకొల్లు దగ్గర ఒక రైల్వే స్టేషన్లో టెక్నీషియన్‌గా చేరినప్పుడు ఆవిడ మా సిగ్నల్ ఇన్‌స్పెక్టర్. రిలే గదిలోకి వెళ్ళే ప్రతివాణ్ణీ గుమ్మంలో ఆపి "జేబులు చూపించండి" అనేవారు. వైరు ముక్క కనిపిస్తే లాక్కుని పక్కనున్న బోదె కాలవలోకి విసిరేసేవారు. నాకు రోషం వచ్చి, "మేమేమన్నా దొంగలమాండీ?" అన్నాను ఒకసారి.

"దొంగైతే లోపలి వైరు పట్టుకుపోతాడు. నువ్వు బయటి ముక్క లోపలికి తెస్తున్నావు. దాన్నెక్కడ తగిలిద్దామనయ్యా?"

పట్టాల మీద బండి ఉన్నా, పట్టా విరిగినా, కంకరలో నీళ్ళు నిండినా కరెంటు రిలేదాకా రాదు. కారణం ఏదో రిలేకి తెలియదు, అందుకే ఎరుపు చూపిస్తుంది. ఆ వైరు ముక్కతో రిలేకి వేరే కరెంటు తగిలిస్తే మాత్రం ఎదురుగా బండి నిలబడి ఉన్నా పచ్చదీపం వెలుగుతుంది.

ఒక వానాకాలం సరిగ్గా అలాగే ఎరుపు పడింది. వెనక ఒక పెద్ద ఆఫీసరుగారి ప్రత్యేక రైలు వస్తోంది. పై ఆఫీసునుంచి ఫోను. "నీళ్ళేనమ్మా, ఎందుకంత కంగారు? చిన్న ముక్క పెట్టేయండి."

"నీళ్ళేనని మీరు చూశారాండీ? స్టేషన్ మాస్టారుగారు ఎరుపు దాటొచ్చని డ్రైవరుకి కాగితమిచ్చి నెమ్మదిగా పంపిస్తారు. నేను పట్టా చూసొస్తాను."

ఆవిడా నేనూ తడుస్తూ పట్టా పొడవునా నడిచాం. ఏమీ లేదు, ఉత్త నీళ్ళే. అదే ఆవిడ చేసిన నేరమైంది! పట్టా విరిగి ఉంటే దండలేసేవారు. విరగలేదు కాబట్టి రైలు ఆలస్యం చేశారని మెమో ఇచ్చి, ఎక్కడికో బదిలీ చేశారు. సిగ్గుండాలి మనుషులకి.

వెళ్ళే రోజు ఆవిడ అదే గుమ్మంలో నిలబడి తన హ్యాండ్‌బ్యాగు నా ముందు తెరిచారు. దువ్వెన, టిఫిను డబ్బా, కళ్ళజోడు.

"చూడు. ఏమన్నా ఉందా?"

"ఏం లేదండీ."

"గట్టిగా చెప్పు. అందరికీ వినపడాలి."

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. డ్రైవరు ఎరుపు చూడకపోయినా ఇంజన్లో కంప్యూటరు తనంతట తానే బ్రేకు వేసేస్తుందని, ఇక ప్రమాదాలుండవని మీటింగుల్లో ఊదరగొడుతున్నారు. ఏడ్చినట్టుంది! ముందు దారి ఖాళీయో కాదో ఆ కంప్యూటరుకి చెప్పేది ఈ పట్టాలూ ఈ రిలేలే. ముక్క పెట్టి మనం అబద్ధం చెబితే అది నమ్మేసి రైలును నిండు వేగంతో పోనిస్తుంది.

ఇవాళ పొద్దున టక్కుమన్న కాసేపటికే పై ఆఫీసునుంచి ఫోను మోగింది.

"నీళ్ళేనయ్యా. చిన్న ముక్క పెట్టెయ్."

"మీరు చూశారాండీ?"

"ఓహో, ఆవిడ జబ్బు నీకూ అంటుకుందా? ఆవిడేమైపోయిందో తెలుసుగా?"

"తెలుసండీ" అని ఫోను పెట్టేశాను. గొడుగు తీసుకుని గుమ్మంలోకి వచ్చి, మా టెక్నీషియన్లిద్దరి ముందూ నా జేబులు రెండూ బయటికి లాగాను.

"చూడండి. చూసి గట్టిగా చెప్పండి" అన్నాను.