అత్త ఫోనులో పెద్ద అక్షరాలు

మా మేనత్త పుత్తూరులో జాకెట్లు కుట్టేది. యాభై దాటేసరికి షుగరు కళ్ల మీదికి వచ్చింది. ఆమె ఫోను కొనుక్కున్నప్పుడు బ్రౌజరు సెట్టింగుల్లోకి వెళ్లి అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చింది నేనే. అత్త ఒక పేజీ తెరిచి, చేతిని దూరంగా చాపి చదువుకుంది.

"ఇప్పుడు బాగుండాది మే. సదివి పెట్టమని ఎవుర్నీ అడిగే పన్లేదు" అంది.

నేను తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు డిజైను చేసేదాన్ని. ఆ ఏడాది ఒక ప్రైవేటు కంటి ఆస్పత్రి పని వచ్చింది. రోగులు ఇంటి దగ్గర్నుంచే అపాయింట్‌మెంటు తీసుకోవడానికి సైటు కావాలన్నారు. అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్న ఫోనులో తెరిస్తే మా బటన్ల మీది మాటలు విరిగి రెండో వరుసలోకి జారేవి. మేనేజరుకు అది నచ్చలేదు.

"ఇట్లుంటే ఆస్పత్రోళ్లు ఒప్పుకోరమ్మా. కదలకుండా బిగించెయ్" అన్నాడు.

బిగించేశాను. చదివేవాళ్లు తమ ఫోనులో ఏ సైజు పెట్టుకున్నా మా పేజీలో అక్షరం మారదు. రెండు వేళ్లతో లాగి పెద్దది చేసుకునే వీలు కూడా తీసేశాను. పైగా తేదీలు తెల్లటి పేజీ మీద సన్నటి బూడిద రంగులో వేశాను, చూడ్డానికి నాజూగ్గా ఉంటుందని. అలా చేయకూడదని నాకు తెలుసు. పని నేర్చుకునే రోజుల్లోనే చదివాను. కానీ మర్నాడు ఆస్పత్రివాళ్లకు చూపించాలి.

కొన్ని నెలలకు, కంట్లో రక్తం కారకుండా అత్త కుడికంటికి లేజర్ చేయాలని డాక్టర్లు అన్నారు. నేనే ఆ ఆస్పత్రి పేరు చెప్పి, బుక్ చేస్తానన్నాను.

"నువ్వు చేసిందే గదా, నేనే చేసుకుంటాలే" అంది. సాయంత్రం ఫోను చేసి, పద్దెనిమిదో తేదీ ఇచ్చినారని చెప్పింది. నేను సరిచూడలేదు.

పద్దెనిమిదిన ఇద్దరం వెళ్లాం. కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటరు చూసి, "మీది పదమూడునే అయిపోయిందమ్మా. డాక్టరుగారు ఊళ్లో లేరు. మళ్లా మూడు వారాలకే" అంది.

అత్త ఫోను తీసి చూపించింది. నేను అందుకున్నాను. 13 అని ఉంది, చీమ తలకాయంత. పెద్దది చేద్దామని రెండు వేళ్లతో లాగాను. కదల్లేదు.

"నాకు పద్దెనిమిది మాదిరే కనిపించింది పాపా. నా కండ్లే అంత. ఏమనుకోవద్దు" అని అత్త ఆ అమ్మాయిని బతిమాలుతోంది. ఆ పేజీ చేసింది నేనేనని చెప్పకుండా ఫోను తిరిగి అత్త చేతిలో పెట్టాను. వేరే ఆస్పత్రికి పోదామన్నాను. మూడు వారాలే గదా అని ఆమె ఒప్పుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లి, ఎవర్నీ అడక్కుండా ఆ బిగింపు తీసేశాను. బటన్లు రెండు వరుసలయ్యాయి. ఆస్పత్రి నుంచి ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత రెండో వారంలో ఒకరోజు పొద్దున్నే అత్త ఫోను చేసింది. "కంట్లో నల్లంగా పొగ మాదిరి దిగతా ఉండాది మే."

లోపల రక్తం కారింది. ఆపరేషను చేశారు గానీ ఆ కంటికి చూపు రాలేదు. ముందే లేజర్ చేసి ఉంటే దక్కేదా అని డాక్టరును అడిగాను. దక్కి ఉండొచ్చు, దక్కకపోయీ ఉండొచ్చు అన్నాడు. ఆ మాటతో నేను ఎటూ తేల్చుకోలేకపోయాను.

కట్టు విప్పాక పుత్తూరు వెళ్లాను. అత్త కుట్టని గుడ్డలు ఎవరివి వాళ్లకు తిరిగి ఇవ్వడానికి మూటలు కడుతోంది. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. కడుతున్న మూట ఒళ్లో పెట్టుకుంది.

"అంటే, నేను పెద్దగా పెట్టుకుంటే నువ్వు వద్దన్నావా?"

"నువ్వు చూస్తావని తెలీదు అత్తా."

"నేనని తెలిసుంటే చేసుండవు. వేరే వాళ్లయితే?"

ఆమె మూటకు ముడి ఎక్కడుందో వేళ్లతో తడుముకుంటూ ఉండిపోయింది.

ఆ నెలాఖరుకు కుట్టుపని మానేసింది. నాతో మాట్లాడుతుంది, వెళ్తే అన్నం పెడుతుంది. ఎడమకంటి పరీక్షలకు మాత్రం మా అమ్మను తోడు తీసుకుని వెళ్తుంది. నన్ను పిలవదు.