ఎర్ర చుక్క ఎలుకలు

డెబ్బయ్యో దశకం చివర్లో, ఓ జూన్ నెలలో, ఆదోనిలో ఒక కళాశాల జంతుశాస్త్ర విభాగంలో డెమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. లెక్చరర్ కంటే ఒక మెట్టు కింద ఉద్యోగం, చాకిరీ మాత్రం అందరికంటే ఎక్కువ. డాక్టరేటుకు నేను ఎంచుకున్న ప్రశ్న ఒక్కటే: రోగాలతో పోరాడే మన ఒంటి శక్తి కణితిని కూడా అడ్డుకుంటుందా?

అందుకు ఒకే వంశంలో పెంచిన తెల్ల ఎలుకలు కావాలి. కణితి కణాలను వాటి చర్మం కింద సూదితో ఎక్కించి, వారానికి రెండుసార్లు గడ్డను కొలిచేవాళ్లం. వాటి మేతా నీళ్లూ చూసే అటెండరు లింగన్నది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. రోజూ బస్సులో వచ్చేవాడు.

మరుసటి వేసవిలో ఇరవై ఎలుకలకు సూది వేశాను. పద్నాలుగింటికి గడ్డలు లేచాయి. ఆరింటికి చింతగింజంత కూడా లేవలేదు. చచ్చిన కణాలు ఎక్కించి ఉంటావని మా ప్రొఫెసరు తేల్చేశారు, ఆ ఆరింటినీ నోటుబుక్కులో కొట్టేయమన్నారు. నాకు ఒళ్లు మండింది. అన్నిటికీ ఒకే సీసాలో కణాలు, ఒకే చెయ్యి. కొట్టేస్తే నాకు పని చేతకాదని నేనే సంతకం పెట్టినట్టు.

ఆరింటినీ తిప్పి చూస్తే తోక మొదట్లో ఎర్ర చుక్కలున్నాయి. మేం పెట్టే గుర్తు పసుపు రంగుది. లింగన్నను పిలిచి అడిగాను. దాచకుండా చెప్పేశాడు.

"తప్పు నాదేనమ్మా. ఇవి పోయినేడాది ఇదే గడ్డ ఎక్కించినవి. గడ్డ కోసి తీసేసినాక బతికి బట్టకట్టినాయి. మత్తు పెట్టి సంపమన్నారు గానీ, నాకు సెయ్యి రాలేదు. మీరు సూది ఏసే ముందే ఎండకు మీవి ఆరు సచ్చిపోయినాయి. తిడతారని వీటిని ఆడ పెట్టినా."

చుక్క సంగతి అడిగితే, వేరేవాటితో కలిసిపోకుండా నూలుకు వేసే రంగు పెట్టానని, అది కడిగినా పోదని చెప్పాడు.

తిట్టడానికే నోరు తెరిచాను. అంతలో తట్టింది. ఈ ఆరూ అదే కణితిని ఒకసారి మోసినవి. ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని, రెండోసారి నిలవనివ్వలేదు.

సంగతి చెబితే, లింగన్న మీద రిపోర్టు రాయమన్నారు ప్రొఫెసరు. రాస్తే అతని ఉద్యోగం పోతుంది. నెల గడువు అడిగాను. మూడు ఎర్ర చుక్క ఎలుకల్లో, రోగాలతో పోరాడే కణాలు దండిగా ఉండే ప్లీహం తీసి, ఆ కణాలను కొత్త ఎలుకలకు ఎక్కించాను. మరికొన్నింటికి మామూలు ఎలుకల ప్లీహం కణాలు ఇచ్చాను. తర్వాత అన్నిటికీ అదే కణితి. ప్లీహం తీయాలంటే ఎలుకను చంపాలి కాబట్టి లింగన్న ఆ రోజు సెలవు పెట్టాడు.

మామూలు కణాలు అందినవాటికి గడ్డలు పెరిగాయి. ఎర్ర చుక్కల కణాలు అందినవాటికి లేవలేదు. ప్రొఫెసరు స్వయంగా కొలిచి చూసుకుని, రిపోర్టు మాట మళ్లీ ఎత్తలేదు. మిగిలిన మూడు ఎలుకలూ ముసలివయ్యేదాకా లింగన్న చేతి మేతే తిన్నాయి.

థీసిస్‌లో అంతా ఉన్నదున్నట్టు రాశాను. ఆ ఎర్ర రంగు ఏమిటని పరీక్షకుడు అడిగితే, ఎమ్మిగనూరు మగ్గాల రంగని తలెత్తి చెప్పాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

ఫలితం తేడాగా వస్తే దాన్ని కొట్టేసే ముందు మేత వేసేవాణ్ణి అడగాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అది.