సారు, చారు, మధ్యలో నా ఉద్యోగం

ఆ రోజుల్లో నేను నోరు కట్టుకోలేకే జబ్బు ముదరబెట్టుకున్నానని మా పిన్ని ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ చెబుతుంది. శుద్ధ అబద్ధం. కోయంబత్తూరులో ఒక బడిలో టీచరుగా చేరిన కొత్తలో మూత్రాశయానికి తీరని మంట పట్టుకుంది. పాఠం మధ్యలో సుద్దముక్క పారేసి పరుగెత్తేదాన్ని. "ఇంకోసారి క్లాసు వదిలితే వేరే టీచరును చూసుకుంటాం" అని హెడ్మిస్ట్రెస్ తేల్చేసింది.

అమ్మ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇది పూర్తిగా పోయేది కాదు, తిండితోనే అదుపులో పెట్టుకోవాలని చెప్పి, ఆయన "సారు వేండాం" అన్నాడట. (ఆ మాట అన్నప్పుడు నేనెక్కడికి పరుగెత్తానో వేరే చెప్పాలా?) తమిళంలో సారంటే పండ్ల రసం, వేండాం అంటే వద్దు. జ్యూసు అని ఉంటే గొడవే లేదు, ఆయనకు శుద్ధ తమిళం పిచ్చి. మా అమ్మ చెవికి అది మన చారు!

ఆ పూటనుంచే ఇంట్లో చారు బంద్. బదులుగా బడికి రోజూ సీసాడు నిమ్మరసం. "తాగు మే, ఒళ్ళుకు చలువ" అనేది. "చారు ఏం పాపం చేసిందమ్మా?" అంటే, "సుమ్మా ఉండు! డాక్టరుకంటే నీకెక్కువ తెలుసునా?" అని నోరు మూయించేది. సీసా ఖాళీ అయ్యేకొద్దీ నా పరుగులు ఎక్కువయ్యాయి. హెడ్మిస్ట్రెస్ నా కుర్చీ వైపు చూసే చూపు మారింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు అమ్మ గర్వంగా, "సారు మాన్పించేసినా డాక్టరయ్యా, దినమూ నిమ్మకాయ జ్యూసే ఇస్తా ఉండాను" అని తమిళంలో విన్నవించింది. ఆయన తల పట్టుకుని, "అదేనమ్మా సారు!" అన్నాడు. (చింతపండు, టమాటా కూడా పులుపే గనుక చారును కొన్నాళ్ళాపి, తరవాత కొంచెం కొంచెంగా చూసుకోమన్నాడు. ఆ ముక్క పట్టుకునే పిన్ని తన కథ అల్లింది.)

నిమ్మరసం ఆగాక మెల్లగా పాఠం చివరిదాకా నిలబడగలిగాను, ఉద్యోగమూ నిలబడింది. ఇప్పుడు పలుచని చారు ఒక గరిటె నాకు పడుతుంది, టమాటా తగిలిందా ఇక అంతే. అంతా బాగానే ఉంది గానీ, చారు లేనిదే ముద్ద దిగని మా అమ్మ ఆ నెలలన్నీ తనకోసమైనా ఒక గిన్నెడు పెట్టుకోలేదు. అడిగితే ఇప్పటికీ "సుమ్మా ఉండు" అంటుంది. ఇంతకీ అన్నాళ్ళు అన్నం ఎట్లా మింగావమ్మా?